రమ్మని పిలిచినాయన

పోయిన నెల తెలకపల్లిలో బస్సు కోసం నిలబడి ఉంటే ఒక ఆటో మైకు పెట్టుకొని పోయింది. వికలాంగుల శిబిరం గురించి ప్రకటన. ఎక్కడో రికార్డు చేయించిన ఆడగొంతు. తప్పు లేదు, తడబాటు లేదు. 'మానసిక వికలాంగులు, బుద్ధిమాంద్యం గలవారు రెండు ఫొటోలు, రేషన్ కార్డు నకలుతో హాజరు కాగలరు' అని చక్కగా చెప్పింది. ఆటో ఎక్కడా ఆగలేదు. డ్రైవరు సెల్‌ఫోన్‌లో మాట్లాడుకుంటూ పోతున్నాడు. నా పక్కనున్న ముసలామె "ఏమంటుందమ్మ అది?" అని అడిగింది. చెప్పాను. "మా మనుమరాలుంది గట్ల" అని నోరు జారి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె బస్సు ముందొచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

అప్పుడు ఆయన గుర్తొచ్చాడు. ఆయనుంటే ఆ ముసలామెను అలా పోనిచ్చేవాడు కాదు.

నాగర్‌కర్నూలులో ఇంటికి చేరగానే కొత్తకోటలో మైకుసెట్టు దుకాణానికి ఫోను చేశాను. నా దగ్గరున్న పాత నంబరు అదొక్కటే. "ఆయన వానకాలంలనే పోయిండు గద మేడం. తెల్వదా మీకు?" అన్నాడు దుకాణమాయన. నాకెవరు చెబుతారు? ఆ మండలం విడిచి మూడేళ్లు దాటింది. వచ్చిన కొత్తలో ఒకటి రెండుసార్లు మాట్లాడాను, తర్వాత నేనే మానేశాను. ఎందుకు మానేశానో కూడా చెప్పాలి. చెబుతాను.

ఆయన పేరు నాకు తెలుసు, కానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. అందరికీ మైకాయన. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లరు. దవడలో ఎప్పుడూ కరక్కాయ ముక్క. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చాడంటే అసలు సంగతి అప్పుడు వస్తోందని అర్థం. మైకులో ఊరంతా వినపడే గొంతు, మైకు లేకపోతే పక్కవాళ్లకు కూడా సరిగ్గా వినపడేది కాదు. సినిమాలు, బట్టల దుకాణాలు, కరెంటు బిల్లులు, పోలియో చుక్కలు, ఏదైనా చెప్పేవాడు. చావు కబురు చెప్పాల్సి వస్తే మాత్రం చెప్పులు విప్పి సీటు కింద పెట్టి, ఒట్టికాళ్లతో ఆటో నడిపేవాడు. ఎందుకని అడిగితే "ఆ ఇంటోల్లు సూడరు మేడం. అయిన గూడ" అనేవాడు.

ఆటో వెనక సీట్లో, మైకుసెట్టు పెట్టె పక్కన ఆయన చెల్లెలు కూర్చునేది. వాళ్లది గద్వాల దగ్గర ఊరు. అక్కడి అమ్మవారి పేరే పెట్టారు, జమ్ములమ్మ అని. ఆయన 'జమ్ములు' అనేవాడు. నేను చూసేనాటికి ఆమెకు ముప్పై ఏళ్లు. పొట్టిగా, గుండ్రటి ముఖంతో, నోరు కొద్దిగా తెరిచి ఉండేది. నాలుగేళ్ల పిల్లకు వచ్చేన్ని మాటలు కూడా రావు. వచ్చిన నాలుగు మాటలూ తొందరపడకుండా, జాగ్రత్తగా పలికేది. పడిపోకుండా సీటుకు అడ్డంగా ఒక తువ్వాల కట్టేవాడు. మైకు పరీక్షించే పని ఆమెది. ఆయన మైకు ఆమె నోటి దగ్గర పెడితే "అలో" అనేది. ఆ తర్వాతే ఆయన మొదలుపెట్టేవాడు. ఒకసారి ఎవరో పెద్ద నాయకుడి సభకు కూడా అలాగే చేయబోతే అక్కడివాళ్లు అడ్డం పడ్డారట. ఈయన వైర్లు చుట్టుకొని తిరిగొచ్చాడట.

బజార్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవాళ్లు, "ఏమైందన్న ఈమెకు?" అని.

"ఏం కాలే. ఆమె గిట్లనే" అనేవాడు. రోజుకు పదిసార్లయినా అదే మాట, అదే స్వరం. విసుక్కోగా నేను చూడలేదు.

పెళ్లి సంగతి ఒకసారి ఆయనే చెప్పాడు. "పిల్లను సూడనీకి పోతె జమ్ములును గూడ తోల్కపోయేటోన్ని. ఏడు సమ్మందాలు పోయినయ్. ఎనిమిదో ఇంట్ల, పిల్ల ఈమెకు అన్నం కలిపి పెట్టింది. నేను ఇంకేం అడుగలే."

నేను ఆయన్ను మొదట చూసింది కొత్తకోటలో మా ఆఫీసు వరండాలో. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలకు నేర్పించే చదువు చదివి, కాంట్రాక్టు మీద ప్రత్యేక టీచరుగా చేరి రెండు నెలలైంది. వనపర్తిలో శిబిరం పెడుతున్నామని, డాక్టర్లు చూసి సర్టిఫికెట్లు ఇస్తారని ఊళ్లలో చెప్పించే పని నాకు పడింది. కాగితం రాసి ఆయన చేతికిచ్చాను. చదివాడు. కరక్కాయ ఆ దవడకు పోయింది.

"చదువుత మేడం. ఎవరొస్తరు?"

"అవసరం ఉన్నవాళ్లు వస్తారు."

"బుద్ధిమాంద్యం గలవారు రావలెను అని ఊరి నడుమ నేను అంటె, పదిమంది సూస్తుండంగ ఏ తల్లి బిడ్డను తోల్కొని బయటికొస్తది? ఆమెకు ఆ మాటనే తెల్వదు. తెలిస్తె ఇగ అసలే రాదు."

"మరి ఏమని చెబుతారు?"

"ఆలస్యంగ నడిచినోళ్లు, ఆలస్యంగ మాట నేర్చినోళ్లు, మాటలు రానోళ్లు, ఈడుకు తగ్గట్టు ఎదగనోళ్లు. పిల్లలైన సరె, పెద్దలైన సరె. గిట్ల చెప్దాం. పెద్దలు అన్న మాట మర్వొద్దు మేడం. మీరంత పిల్లలు, పిల్లలు అనే అంటరు. మా జమ్ములుకు ముప్పై ఏండ్లు."

రెండేళ్లు చదువుకొని వచ్చినదాన్ని. ఆ వరండాలో నా కాగితం నేనే కొట్టేసి, ఆయన చెబుతుంటే మళ్లీ రాశాను.

తర్వాత వారం రోజులు ఆ ఆటోలోనే ఊళ్లు తిరిగాను. ఆయన పద్ధతి వేరుగా ఉండేది. మైకులో చెప్పడం అయిపోయాక, మీట కట్టేసి, జమ్ములమ్మ చెయ్యి పట్టుకొని వాడల్లో నడిచేవాడు. "మైకు ఊరికి మేడం. ఇంటికి గాదు" అనేవాడు. బీచుపల్లి వంతెనకు ఇవతల ఒక ఊళ్లో, చర్చి వెనక వాడలో, ఒక ఇంటి ముందు ఆగాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, గడపలో కూర్చొని పల్లికాయలు ఒలుస్తోంది. నా చేతిలో రిజిస్టరు చూసి, నేను నోరు తెరవకముందే అంది:

"మా ఇంట్ల అసొంటోల్లు ఎవ్వరు లేరమ్మ."

నేను వెనక్కు తిరగబోయాను. ఆయన అక్కడే నిలబడి, "లేకుంటె మంచిదే. జర మంచినీళ్లిస్తవా అక్కా, మా చెల్లెకు దూపైతుంది" అన్నాడు.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. జమ్ములమ్మ సగం తాగింది, సగం రవిక మీద ఒలకబోసుకుంది. ఆయన మఫ్లరుతో తుడిచాడు. ఆమె చూస్తూ నిలబడింది.

"పుట్టుకతోటా?"

"ఆ."

"నీ పెండ్లాం ఏమనదా?"

"ఈ జడ ఎవరేసిండ్రనుకున్నవ్?"

ఆమె పల్లికాయల ముందు మళ్లీ కూర్చుంది. ఒకటి రెండు ఒలిచింది. తల ఎత్తకుండానే, "లోపలుంది" అంది.

పధ్నాలుగేళ్ల ఆడపిల్ల. గంప వెనక గోనెసంచి మీద కూర్చొని ఉంది. వెలుగు పడితే కళ్లు చికిలించింది. బయటికి తెచ్చి ఎన్నేళ్లయిందో తల్లి చెప్పలేకపోయింది. పిల్ల పేరు రాసుకున్నాను. "ఆడికి పోతె ఏమిస్తరన్న?" అని అడిగిందామె.

"సర్టిఫికెట్ ఇస్తరు. పింఛను పెట్టొచ్చు, బస్ పాసొస్తది. అన్నిటికంటె ముందు, నీ బిడ్డ ఉంది అని సర్కారు కాయితంల పడ్తదక్కా."

శిబిరం రోజు వనపర్తిలో ఒక బడి ఆవరణలో శామియానాలు వేశారు. మేము అనుకున్నదానికంటే ఎక్కువ మంది వచ్చారు. మునుపటి శిబిరాలకు ఎప్పుడూ రానివాళ్లు. ఇరవై ఏళ్ల కొడుకును వీపు మీద మోసుకొచ్చిన తండ్రి. ఇద్దరు అక్కాచెల్లెళ్లను చెరో చేత్తో పట్టుకొచ్చిన నానమ్మ. చర్చి వెనక ఇంటి తల్లి కూడా వచ్చింది. పిల్లకు కొత్త గౌను వేసి, రెండు రిబ్బన్లు కట్టింది. రెండు బస్సులు మారి వచ్చారట. మైకాయన ఒక్కొక్కరినీ నీడకు కూర్చోబెడుతూ, నీళ్లు ఇప్పిస్తూ, పెళ్లి ఇంటి పెద్దలాగా తిరిగాడు. అంత సంతోషంగా ఆయన్ను ఆ ఒక్క పూటే చూశాను.

ఎముకల డాక్టరు వచ్చాడు. కళ్ల డాక్టరు, చెవుల డాక్టరు వచ్చారు. మా వాళ్లను చూడాల్సిన డాక్టరు మాత్రం రాలేదు. పన్నెండు దాటాక మా అధికారి నన్ను పిలిచి, "ఆయన్ను వేరే డ్యూటీకి వేశారట. ఆ కేసులు ఇవాళ చూడరు. పెద్ద దవాఖానకు పొమ్మని మైకులో చెప్పించండి" అన్నాడు. అన్నం తినడానికి లేస్తూ అన్నాడు.

నేను పోయి మైకాయనకు చెప్పాను. ఆయన నన్ను చూశాడు, శామియానా కింద కూర్చున్నవాళ్లను చూశాడు. మైకు తీసుకున్నాడు. అలవాటు కొద్దీ జమ్ములమ్మ నోరు ముందుకు పెట్టింది. ఆయన ఇవ్వలేదు.

"అమ్మలారా, అయ్యలారా" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. మైకు హారన్లలోంచి గుయ్యిమనే మోత ఒక్కటే వచ్చింది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. కాసేపటికి మైకు బల్ల మీద పెట్టి, ఒక్కొక్క గుంపు దగ్గరికీ నడిచి, వంగి, ఆ చిన్న గొంతుతో చెప్పుకుంటూ పోయాడు. నేను ఆయన వెనక రిజిస్టరు పట్టుకొని నడిచాను. ఏం రాసుకోవాలో తెలియక, పట్టుకొని నడిచాను.

రిబ్బన్ల పిల్ల తల్లి అంతా విన్నది.

"నువ్వే గదన్న రమ్మంటివి" అంది. "నీ గొంతు నమ్మి వచ్చిన. పొద్దుగాల బస్‌లకెల్లి మా ఊరోల్లంత సూసిండ్రు దీన్ని. ఇప్పుడేం మొగం పెట్టుకొని పోవాలె?"

ఆయన చేతులు జోడించి నిలబడ్డాడు. ఆమె పిల్లను లేపి, గౌనుకు అంటిన దుమ్ము దులిపి, గేటు వైపు నడిపించుకుపోయింది. ఎవరూ గొడవ చేయలేదు. అందరూ లేచి, ఎలా వచ్చారో అలాగే పోయారు. గొడవ చేసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే నా గది ముందు ఆటో ఆగింది. ఆయన కాళ్లకు చెప్పులు లేవు.

"ఎవరు పోయారు?" అని అడిగాను.

"ఎవరు పోలే. మల్ల ఊళ్లు తిరిగొస్త. మీకు చెప్పి పోదామని వచ్చిన."

ఎక్కి జమ్ములమ్మ పక్కన కూర్చున్నాను. మొదటి ఊళ్లో ఆయన మైకులో చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి.

"మొన్న మిమ్ముల వనపర్తికి రమ్మని పిలిచిన గొంతు ఇదే. మీరొచ్చిండ్రు. సూసే డాక్టరు రాలే. వస్తడో రాడో తెలుసుకోకుంట పిలిచిన. తప్పు నాది. మన్నించుండ్రి. బిడ్డలను బయటికి తెచ్చుడు తప్పు గాదు. మల్ల లోపల పెట్టకుండ్రి."

ఏయే ఊళ్లకు పిలవడానికి పోయాడో ఆ ఊళ్లన్నిటికీ పోయాడు. మూడు రోజులు పట్టింది. నేను మొదటి రోజు మొత్తం ఉన్నాను. ఒక ఊళ్లో చేతిలో పని వదిలి జనం బయటికొచ్చి విన్నారు. ఒక ఊళ్లో ఒకతను బూతులు తిట్టాడు, ఈయన తిట్లయ్యేదాకా ఆటో ఆపి విన్నాడు. చర్చి వెనక వాడలో ఆ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మనుషులున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన పిలవలేదు. గడప ముందు కొద్దిసేపు నిలబడి వచ్చేశాడు.

ఆ వారంలోనే మా అధికారి పిలిపించాడు. "మన కార్యక్రమానికి క్షమాపణ చెప్పడానికి వాడెవడు? పై దాకా పోయింది. ఆటోలో మీరు కూడా ఉన్నారని చెబుతున్నారు. ఉన్నారా?"

నా కాంట్రాక్టు పొడిగించే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. నాన్నకు పని చేతకాక రెండేళ్లయింది.

"లేను సార్" అన్నాను.

ఆ తర్వాత సర్కారు ప్రకటన ఏదీ ఆయనకు ఇవ్వొద్దన్నారు. పోలియో చుక్కల ప్రకటన కూడా వేరేవాళ్లకు పోయింది. నేను వారం రోజులు తప్పించుకు తిరిగి, చివరికి హైవే పక్కన, మెకానిక్ షెడ్ల వెనక ఆయన ఉండే గదికి పోయి జరిగింది చెప్పాను. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. ఆయన మొత్తం విన్నాడు.

"మంచిగనే చెప్పినవ్ మేడం. నువ్వు గూడ పోతె ఆ ఇండ్లకు ఎవరు పోతరు? నాదేముంది, ఉల్లిగడ్డలోల్లున్నరు, సినిమోల్లున్నరు" అని నవ్వాడు.

అప్పటిదాకా నన్ను మీరు అనేవాడు. ఆ రోజు నువ్వు అన్నాడు. అది కోపమో, దగ్గరితనమో నేను తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

ఆయన ఊరుకోలేదు. శిబిరం నుంచి వెనక్కు పోయినవాళ్లలో అయిదు కుటుంబాలను పోగుచేసి పెద్ద దవాఖానకు తనే తీసుకుపోయాడు. ఒక్కసారితో కాలేదు, మూడుసార్లు తిరిగారు. నలుగురికి సర్టిఫికెట్లు వచ్చాయి. చర్చి వెనక ఇంటికి మళ్లీ పోతే తాళం ఉందట. బెంగళూరుకు పనికి పోయారన్నారు. పిల్లను వెంట తీసుకుపోయిందా, ఎవరి దగ్గరన్నా విడిచిందా అంటే ఎవరికీ తెలియదు. ఆ పిల్ల పేరు నా రిజిస్టరులో అలాగే ఉండిపోయింది.

మూడోసారి జమ్ములమ్మను కూడా చూపించాడు. నీ పేరేందని డాక్టరు అడిగితే చెప్పింది. ఎట్లొచ్చినవ్ అంటే "బస్" అంది. నమస్తే పెట్టింది. డాక్టరు ముచ్చటపడి, పింఛనుకు సరిపోనంత తక్కువ వైకల్య శాతం వేసి పంపాడు. ఆ కాగితం తెచ్చి నాకు చూపించినప్పుడు ఆయన కోపంగా లేడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని ముఖం.

"నలుగురిల తిప్పిన, నమస్తే నేర్పిన, మాట నేర్పిన. గందుకే తక్కువేసిండు మేడం. మూలకు కూసోబెట్టి పెంచితె పింఛనొచ్చేది."

మళ్లీ దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పడం మొదలుపెట్టాను. ఏ ఆఫీసు, ఏ కాగితం. ఆయన చివరిదాకా విని, కరక్కాయ ఇటు నుంచి అటు మార్చాడు.

"అది గాదు మేడం. నేను పోయినంక ఈమె ఎట్ల? పెద్దోళ్లను పెట్టుకునే జాగ యాడనన్న ఉందా మన దిక్కు?"

పిల్లల బడుల గురించి నాకు తెలుసు. ముప్పై ఏళ్ల జమ్ములమ్మకు ఎక్కడుందో తెలియదు. "కనుక్కుంటాను" అన్నాను. ఆ తర్వాత కలిసిన ప్రతిసారీ ఆయన కళ్లతోనే అడిగేవాడు, నేను "కనుక్కుంటున్నా" అనేదాన్ని. నాలుగైదు చోట్లకు ఉత్తరాలు రాసిన మాట నిజం. రెండు చోట్ల నుంచి ఖాళీ లేదని వచ్చింది, మిగతావాళ్లు జవాబే ఇవ్వలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పడం చేతకాలేదు. నాగర్‌కర్నూలుకు మారాక ఫోన్లు మానేసింది అందుకే.

దుకాణమాయన చెప్పిన గుర్తులతో మొన్న ఆదివారం పోయాను. ఆయన భార్య జమ్ములమ్మను తీసుకొని గద్వాల దగ్గర తన పుట్టింటి ఊరికి వచ్చేసింది. ఎకరాలున్నవాళ్లు విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలలో కూలికి పోతోంది. వాకిట్లోనే నన్ను పట్టుకొని ఏడ్చి, కాసేపటికి తనే తేరుకొని జరిగింది చెప్పింది. పెబ్బేరు దాటినాక ఛాతీలో నొప్పి వచ్చిందట. ఆటో పక్కకు ఆపాడట. జమ్ములమ్మను "కూసో" అని, ముందు హ్యాండిల్ మీద తల పెట్టుకున్నాడట. ఎంతసేపటికో ఒక లారీవాళ్లు చూశారు. అప్పటికి అయిపోయింది. అన్న కూర్చోమన్నాడు కాబట్టి ఆమె అలాగే కూర్చొని ఉందట.

జమ్ములమ్మ అరుగు మీద ఉంది. తలలో నెరిసిన వెంట్రుకలు వచ్చాయి. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"పొద్దుగాల్నే మొగం కడుక్కొని ఈడ కూసుంటది టీచరమ్మ" అంది ఆయన భార్య. "అన్న యాడికి అంటది. ఊరికి పోయిండు అని చెప్పిన. మల్ల అడుగుతది. మట్టి చేసేటప్పుడు సూసింది, గని ఏం సమజైందో నాకు సమజ్ కాదు. ఆయన కోసం నేను ఏడుద్దామన్న, ఈమె ముంగల ఏడువొస్తలేదు. నువ్వు ఇసొంటోల్లకు చెప్పే సదువు సదివినవ్ గద. ఎట్ల చెప్పాలె? జర నువ్వన్న చెప్పు."

నేను రంగులు నేర్పాను. నాణేలు, ఎడమ, కుడి, బస్సు నంబర్లు, అన్నం కలుపుకోవడం నేర్పాను. ఒక్కొక్క పనినీ ఎన్ని ముక్కలు చేసి చెప్పాలో నాకు తెలుసు. దీన్ని ఎన్ని ముక్కలు చేయాలో తెలియలేదు.

అరుగు ముందు కింద కూర్చొని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"జమ్ములూ, అన్న చచ్చిపోయిండు. ఇంక రాడు."

ఆమె నా పెదవుల వైపు శ్రద్ధగా చూసింది. మళ్లీ చెప్పాను. ఇంకా నెమ్మదిగా, ఇంకా చిన్న మాటల్లో చెప్పాను. విన్నది. దారి వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, ఒక్కొక్క అక్షరం జాగ్రత్తగా పలుకుతూ అడిగింది:

"అన్న... రేపు?"

వెనక ఆయన భార్య లోపలికి పోయింది.

"ఆ. రేపు" అన్నాను నేను.

జమ్ములమ్మ తల ఊపి, నాకు కూడా కూర్చోవడానికి చోటిస్తూ పక్కకు జరిగింది.